మా వాడి మాటలు మాకు అర్థం కావడం లేదు

ప్రశ్న: మాది ఖమ్మం. బాబు పదో తరగతి, పాప ఏడో తరగతి. ఏడాదిగా బాబు మాట్లాడేదాంట్లో సగం మాకు అర్థం కావడం లేదు. ప్రతిదానికీ ‘బ్రో’ అంటాడు, నన్నూ వాళ్ళ నాన్ననూ కూడా. కూర ఎలా ఉందిరా అంటే ‘మిడ్’ అంటాడు. చెల్లెల్ని ‘ఎన్‌పీసీ’ అని పిలుస్తాడు. క్లాసులో ఎవరో అబ్బాయి ఒకమ్మాయికి నోట్స్ ఇచ్చాడట, ‘వాడు సింప్’ అని నవ్వుతాడు. మావారు ‘ఇంట్లో ఈ భాషేంటి’ అని కేకలేస్తారు. పోయిన వారం భోజనాల దగ్గర ఫోన్ లాక్కున్నారు. దగ్గరవుదామని నేను నాలుగు మాటలు నేర్చుకుని వాడితో అంటే ‘అమ్మా, క్రింజ్’ అని లేచి వెళ్ళిపోయాడు. మా ఆడపడుచు వాట్సాప్‌లో ‘పిల్లల రహస్య కోడ్‌లు’ అని పెద్ద జాబితా పంపింది, అది చదివాక నిద్ర పట్టలేదు. మొన్న ఫోన్ తెరిచిపెట్టి స్నానానికి వెళ్ళాడు. ఫ్రెండ్స్ గ్రూపులో ‘మ్యాథ్స్ పోయింది, కేఎంఎస్’ అని రాసి ఉంది. అదేంటో మా పాపకు కూడా తెలియదట. వీటిని ఎలా అర్థం చేసుకోవాలి? ఎంతవరకు ఊరుకోవాలి? (పేరు రాయవద్దు)

జవాబు: మీరు చివర రాసిన సంగతి ముందు చూద్దాం. కేఎంఎస్ అంటే ‘కిల్ మైసెల్ఫ్’, అంటే చచ్చిపోతాను అని. కేవైఎస్ అని రాస్తే ఎదుటివాణ్ని చావమనడం. ‘అన్‌అలైవ్’ అని రాసినా చావు గురించే. యాప్‌లు ‘చావు’, ‘ఆత్మహత్య’ వంటి మాటలున్న పోస్టులను తొక్కిపెడతాయన్న భయంతో పుట్టిన మాట అది. పరీక్ష పాడైనా, గేమ్ ఓడినా, సార్ అందరి ముందూ తిట్టినా పిల్లలు కేఎంఎస్ అని అలవాటుగా రాసేస్తారు, మనం ‘చచ్చాంరా బాబూ’ అన్నంత తేలిగ్గా. మ్యాథ్స్ పేపర్ గురించి, గ్రూపులో అందరూ చూసేలా రాశాడు కాబట్టి మీవాడు రాసిందీ అలాంటిదే కావడానికి ఎక్కువ అవకాశం ఉంది.

అయినా వదిలేయకండి. నిజంగా కుమిలిపోతున్న పిల్లాడు కూడా ఇదే మాట వాడతాడు. ఎవరైనా కంగారుపడితే ‘అబ్బే, ఊరికే అన్నా’ అని తప్పించుకునే వీలు అందులో ఉంది. అందుకే ఊహించుకుంటూ కూర్చోకుండా అడిగి తెలుసుకోండి, ఈ రోజే. పాప, నాన్న లేనప్పుడు వాడి గదిలో పక్కన కూర్చోండి. దొంగతనంగా చూసినట్టు కాకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పండి: ‘నాన్నా, మొన్న నీ ఫోన్ తెరిచి ఉంటే కేఎంఎస్ అని రాసింది కనిపించింది. మీరంతా సరదాగా రాసుకుంటారని తెలుసు. కానీ నేను అడక్కుండా ఉండలేను. నీకు నిజంగా చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా?’ ఇంత సూటిగానే అడగాలి. ‘ఏం లేదు కదా? అంతా బాగానే ఉందిగా?’ అని అడిగితే ‘ఆఁ బాగానే ఉంది’ అనే జవాబు మనమే వాడి నోట్లో పెట్టినట్టవుతుంది.

అడిగితే లేనిపోని ఆలోచన పుట్టిస్తామేమో అన్న భయం చాలా ఇళ్ళలో ఉంది. అలా జరగదు. సూటి ప్రశ్న వల్ల ఆలోచన పుట్టదని, లోపల ఉన్నది బయటికి రావడానికి దారి దొరుకుతుందని మానసిక వైద్యులు గట్టిగా చెబుతారు. అడిగాక కాసేపు మౌనంగా ఉండండి. వాడు కళ్ళు తిప్పి ‘అమ్మా, అది జోక్’ అంటే నమ్మండి. ‘సరే, ఎప్పుడైనా నిజంగా అనిపిస్తే నాకు చెప్పు, తిట్టను’ అని ఒక్క మాట అని లేవండి. మార్కుల ఊసు మాత్రం ఆ పూట ఎత్తకండి.

ఆ తర్వాత రెండు వారాలు వాడి తీరును గమనించండి. రాత్రుళ్ళు నిద్ర లేకపోవడం, తిండి తగ్గడం, ఇష్టమైన క్రికెట్టో గేమో మానేయడం, స్నేహితులకు దూరం జరగడం, తన వస్తువులు ఊరికే ఇచ్చేయడం, ‘నేను లేకపోతే మీకు హాయి’ లాంటి మాటలు తెలుగులోనే అనడం, చేతుల మీద గీతలు, ఎండల్లో కూడా ఫుల్ హ్యాండ్స్ చొక్కా. వీటిలో ఒకటి రెండు కలిసి కనిపిస్తే, లేదా అడిగినప్పుడు ‘అవును’ అంటే, వాణ్ని ఒంటరిగా వదలకండి. ఇంట్లో ఉన్న నిద్రమాత్రలు, బీపీ మాత్రలు, పొలం ఉంటే పురుగుమందు డబ్బాలు అదే గంటలో తాళం వేసిన చోటికి మార్చండి. ఆవేశం గట్టిగా ఉన్న ఆ కొద్దిసేపు చేతికి ఏదీ అందకపోతే ప్రాణం నిలుస్తుంది. టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఈ సేవ ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి. ‘పరీక్షలయ్యాక చూద్దాం’ అని మాత్రం అనుకోవద్దు.

ఇక మిగతా మాటల సంగతికి అంత కంగారు అక్కర్లేదు.

ఏ మాటకైనా డిక్షనరీ అర్థం కన్నా, అది ఎవరి మీద ఏం పని చేస్తోందో చూడటం తల్లిదండ్రులకు ఎక్కువ ఉపయోగం. పిల్లల స్లాంగ్ ఎక్కువగా చేసే పని తోటివాళ్ళతో కలుపుకోవడం. కొంత ఎవరినో ఒకరిని గాయపరుస్తుంది. అతి కొద్ది భాగం పెద్దవాళ్ళ నుంచి ఏదో దాస్తుంది. మొదటిదాన్ని వదిలేయాలి, రెండోదాన్ని ఆపాలి, మూడోదాన్ని నిదానంగా విచారించాలి. ఇళ్ళలో జరిగే పొరపాటు ఏమిటంటే, వినగానే చిరాకు పుట్టించేది కాబట్టి మొదటి రకం మీదే అరుపులన్నీ అరిచేస్తాం, చెల్లెల్ని ఎన్‌పీసీ అన్నప్పుడు మాత్రం ‘ఏదో ఇంగ్లీషు మాట’ అని ఊరుకుంటాం.

‘బ్రో’ మొదటి రకం. దాన్నిప్పుడు అబ్బాయిలు, అమ్మాయిలు, అమ్మ, కుక్కపిల్ల అన్న తేడా లేకుండా వాడుతున్నారు. అది పిలుపు కూడా కాదు, ‘అబ్బా’, ‘ఒరేయ్’ లాంటి ఊతపదం. ‘నో క్యాప్’ అంటే ఒట్టు, నిజం. ‘కుక్డ్’ అంటే పని అయిపోయింది, మునిగాం. ‘సస్’ అంటే అనుమానంగా ఉంది. ‘డెలులు’ అంటే లేనిది ఉన్నట్టు ఊహించుకుని బతికేవాళ్ళు. ‘ఆరా ప్లస్’, ‘ఆరా మైనస్’ అని పాయింట్లు వేసుకుంటారు: అందరి ముందూ దర్జాగా ఏదైనా చేస్తే పెరుగుతాయి, జారిపడితే తగ్గుతాయి. ‘రిజ్’ అంటే ఎదుటివాళ్ళను మాటలతో ఆకట్టుకునే నేర్పు. 2023లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు దాన్నే ఆ ఏటి మాటగా ప్రకటించారు. మరుసటి ఏడు ‘బ్రెయిన్ రాట్’కు ఆ గౌరవం దక్కింది. పనికిమాలిన వీడియోలు చూసీ చూసీ బుర్ర మొద్దుబారడం అని దాని అర్థం, పిల్లలు తమ గురించి తామే అనుకునే మాట. 2025లో డిక్షనరీ డాట్ కామ్ వాళ్ళు ఏకంగా ‘67’ను ఎంచుకున్నారు. క్లాసులో సార్ ‘పేజీ 67 తీయండి’ అనగానే పిల్లలంతా రెండు అరచేతులు పైకి పెట్టి త్రాసులా పైకీ కిందికీ ఊపుతూ ‘సిక్స్ సెవెన్’ అని అరిస్తే కంగారుపడకండి. దానికి అర్థం లేదు. అర్థం లేనిదాన్ని అందరం ఒకేసారి అరిచాం, సార్‌కు ఏమీ తెలియలేదు అన్న ఆనందమే అందులో ఉన్నది.

వీటిలో ‘క్యాప్’ (అబద్ధం), ‘స్లే’ (అదరగొట్టడం), ‘బెట్’ (సరే) లాంటివి అమెరికాలోని నల్లజాతివారి వాడుక నుంచి పాటల ద్వారా, వీడియోల ద్వారా ప్రపంచమంతా పాకాయి. ‘నూబ్’ (ఆట రాని కొత్తవాడు), ‘జీజీ’ (గుడ్ గేమ్), ‘ఏఎఫ్‌కే’ (కాసేపు ఆట దగ్గర లేను), ‘ఎన్‌పీసీ’ గేముల నుంచి వచ్చాయి. మన దగ్గర వీటికి తెలుగు మీమ్ పేజీల భాష తోడవుతుంది. ‘తోపు’, ‘తురుము’, ‘ఎలివేషన్’, ‘బిస్కెట్ వేయకు’, ‘నీకంత సీన్ లేదు’ అన్నీ కలిపి ఒకే వాక్యంలో వాడేస్తారు. మీకు వింతగా వినిపించేది ఈ కలగలుపే. మీ కాలేజీ రోజుల్లో ‘లైట్ తీస్కో’, ‘కేక’, ‘కిరాక్’ అన్నప్పుడు మీ పెద్దవాళ్ళకూ ఇలాగే ఉండి ఉంటుంది. ‘ఖతర్నాక్’ అంటే ప్రమాదకరమని అర్థం, హైదరాబాదులో మాత్రం అది మెచ్చుకోలు. ఇప్పటి పిల్లలు బ్యాటర్ సిక్సర్లు కొడితే ‘ఊచకోత’ అంటారు, పాట నచ్చితే ‘అరాచకం’ అంటారు. కాబట్టి మాట ఎంత భయంగా ఉందో చూసి బెంబేలు పడకూడదు. ఎమోజీలూ అంతే. పుర్రె బొమ్మ పెట్టారంటే ‘నవ్వలేక చచ్చాను’ అని. వలవలా ఏడ్చే మొహం కూడా చాలాసార్లు పగలబడి నవ్వడమే.

ఇక్కడే మెసేజ్‌ల గురించి ఒక చిన్న సంగతి. ‘లేటవుతుంది’ అని వాడు పెడితే మీరు ‘ఓకే’ అని రాసి పక్కన చుక్క పెడతారు, లేదా బొటనవేలి బొమ్మ పెడతారు. మీ దృష్టిలో అది మర్యాదగా ముగించడం. ఈ వయసువాళ్ళు చాలామంది మెసేజ్ చివర చుక్క పెట్టరు. చుక్క ఉంటే కోపంగా ఉన్నారని, ఒక్క బొటనవేలు వస్తే ‘ఇక చాలు’ అన్నారని అనుకుంటారు. ఇంటికొచ్చి ముభావంగా ఉంటే కారణం ఒక్కోసారి ఇదే. ‘సరే నాన్నా, జాగ్రత్త’ అని రెండు మాటలు ఎక్కువ రాయండి, చుక్క వదిలేయండి.

తెలియని మాట అర్థం కనుక్కోవడానికి ఒక పద్ధతి ఉంది. వినగానే వాడి ఎదురుగా ఫోన్ తీసి వెతకొద్దు. ఆ మాట, ఎవరితో అన్నాడు, ఏ సందర్భంలో, ఏ గొంతుతో, విన్నవాళ్ళు నవ్వారా ముడుచుకున్నారా అన్నది మీ ఫోన్ నోట్స్‌లో ఒక వాక్యంగా రాసుకోండి. ఒక వారంలో అదే మాట మూడు నాలుగు సందర్భాల్లో వినబడుతుంది, సగం అర్థం అక్కడే తేలుతుంది. తర్వాత నెట్‌లో వెతకండి. గూగుల్‌లో ముందు వచ్చే అర్బన్ డిక్షనరీలో ఎవరైనా ఏదైనా రాయొచ్చు, దాదాపు ప్రతి మాటకూ అక్కడొక బూతు అర్థం ఉంటుంది. అదొక్కటే చదివి పిల్లాడి మీద పడితే అన్యాయం చేసినట్టే. మెరియం వెబ్‌స్టర్ వెబ్‌సైట్‌లో స్లాంగ్‌కు విడిగా పేజీలున్నాయి, ‘నో యువర్ మీమ్’ అనే సైట్‌లో ఒక మాట ఎప్పుడు ఎక్కడ పుట్టిందో ఉంటుంది. ఆ రెండూ చూడండి. తెలుగు మీమ్ మాటలకు మాత్రం ఏ డిక్షనరీ లేదు. బంధువుల్లో డిగ్రీనో బీటెక్కో చదివే పిల్లలెవరైనా ఉంటే వాళ్ళను అడగడం మేలు. పదిహేనేళ్ళవాళ్ళు ఏమంటున్నారో వాళ్ళకు తెలుసు, మీతో చెప్పడానికి సిగ్గుపడే వయసూ దాటింది. అయితే ‘మా వాడు ఇలా అన్నాడు’ అని చెప్పకండి. ‘రీల్‌లో విన్నాను’ అంటే చాలు.

అన్నిటికన్నా మంచి డిక్షనరీ మీ అబ్బాయే, కానీ అడిగే తీరు కుదరాలి. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే అది విచారణ. బండి మీద ట్యూషన్‌కు దింపుతున్నప్పుడు, ఉతికిన బట్టలు ఇద్దరూ కలిసి మడత పెడుతున్నప్పుడు అడగండి. కళ్ళలోకి చూడక్కర్లేని చోట ఈ వయసు పిల్లలు ఎక్కువ మాట్లాడతారు. ఒకసారికి ఒక మాటే అడగండి. చుట్టాల ముందు అడగొద్దు. ‘నిన్న ఫోన్‌లో ఎవరితోనో ఆరా మైనస్ అన్నావు, అదెలా తగ్గుతుందిరా?’ అంటే సాధారణంగా హుషారుగా చెబుతారు, ఎందుకంటే తమకు తెలిసి పెద్దవాళ్ళకు తెలియనిది ఒకటి దొరికింది. చెప్పాక ‘ఓహో’ అని అక్కడితో ఆపండి. దాని మీద నీతిపాఠం మొదలుపెడితే మళ్ళీ చెప్పడు. ఇంకా ముఖ్యం, వాడు చెప్పింది మీ ఆడపడుచు గ్రూపులో జోక్‌గా పెట్టకండి. పిల్లలు మాట్లాడటం మానేసే కారణాల్లో ఇదొక పెద్దది, మనం దాన్ని అసలు తప్పుగానే అనుకోం.

మీరు ఆ మాటలు వాడబోతే వాడు ‘క్రింజ్’ అని లేచిపోయిన సంగతి. చూసేవాళ్ళకే సిగ్గనిపించే పని అని దాని అర్థం. మీ మీద ఇష్టం లేక అన్నది కాదు. ఆ భాషను ఫ్రెండ్స్‌తో కలిసి తమదిగా పెట్టుకున్నారు, అందులోకి అమ్మ వచ్చేస్తే ఇంకేదో వెతుక్కోవాలి. ప్రకటనల్లో, తల్లిదండ్రుల నోట్లో వినబడగానే ఒక మాట వాళ్ళకు పాతబడిపోయేది అందుకే. మీరు అర్థం చేసుకోండి, వాడకండి. మీ మామూలు తెలుగులోనే జవాబు చెప్పండి. వాడు ‘అమ్మా, మ్యాథ్స్‌లో నేను కుక్డ్’ అంటే ‘ఏ చాప్టర్ తేడా కొట్టింది?’ అని అడిగితే చాలు. మీకు అర్థమైందని వాడికి తెలుస్తుంది, తన మాట తన దగ్గరే ఉంటుంది. ఎప్పుడైనా ఇద్దరూ నవ్వుకునే వేళ మీరు కావాలనే తప్పుగా ఒక మాట వాడి వాణ్ని నవ్విస్తే అది వేరు.

ఇప్పుడు రెండో రకం. మీ ఉత్తరంలో నిజంగా పట్టించుకోవలసినవి ఇక్కడే ఉన్నాయి. ఎన్‌పీసీ అంటే గేములో ఎవరూ ఆడించని పాత్ర. ఒకచోట నిలబడి ఎవరొచ్చినా అదే డైలాగ్ చెబుతుంది. మనిషిని అలా పిలవడమంటే నీకు సొంత బుర్ర లేదు, నువ్వు లెక్కలోకి రావు అనడం. ఏడో తరగతి పిల్లకు అన్న రోజూ ఆ మాట అంటుంటే, ఆమె నవ్వినా సరే, లోపలికి దిగుతుంది. ఒకే మాట, ఒకే మనిషి మీద, ఆ మనిషి వద్దన్నాక కూడా వస్తుంటే దాన్ని సరదా అనకూడదు. ముందు పాపను విడిగా అడగండి: ‘అన్నయ్య అలా అంటే నీకెలా ఉంటుంది?’ ఆమె పర్లేదంటే కొన్నాళ్ళు చూడండి. బాధంటే అబ్బాయితో ఒంటరిగా మాట్లాడండి: ‘ఎన్‌పీసీ అంటే ఏంటో నాకు తెలుసు. చెల్లికి అది నచ్చడం లేదు. ఇక అనొద్దు.’ మూడు వాక్యాలు చాలు, పొడిగిస్తే వాడు వాదనకు దిగుతాడు. ‘మిడ్’ సంగతి ఇంత కాదు. అంతంతమాత్రంగా ఉంది అని చప్పగా చెప్పడం అంతే. ‘ఉప్పు తక్కువైందా, కారమా? చెబితే రేపు మారుస్తా, లేదా నువ్వే పోపు పెట్టు’ అని పనిలోకి దింపండి.

‘సింప్’ గురించి ఇంకాస్త ఆగి ఆలోచించాలి. అమ్మాయి మెప్పు కోసం దిగజారేవాడు అని దాని అర్థం. ఇప్పుడు అమ్మాయితో మర్యాదగా ఉన్న ఏ అబ్బాయినైనా అలా అనేస్తున్నారు. దీనికి చుట్టాలు ‘ఆల్ఫా’ (అందరి మీదా పైచేయి ఉన్న మగాడు), ‘బీటా’ (అణిగిమణిగి ఉండేవాడు), ‘సిగ్మా’ (ఎవరినీ లెక్కచేయని ఒంటరివాడు), ‘రెడ్‌పిల్’ (ఆడవాళ్ళ గురించి అసలు నిజం తమకే తెలుసనుకునే ధోరణి). సిగ్మా ఇప్పుడు చాలావరకు వెక్కిరింతగానే నడుస్తోంది, విన్న వెంటనే భయపడక్కర్లేదు. కానీ ఈ మాటలు పుట్టిన చోట ఆడవాళ్ళంటే చిన్నచూపు ఉంది. పిల్లాడు వరుసగా ఆ వీడియోలే చూస్తుంటే యాప్ ఇంకా ముదిరినవే ముందుకు తెస్తుంది. ‘అమ్మాయిలంతా ఇంతే’, ‘డబ్బున్నోళ్ళ వెంటే పోతారు’ లాంటి వాక్యాలు వాడి నోట మామూలు తెలుగులో వినిపిస్తే అది మాట దాటి నమ్మకంలోకి వెళ్ళిందని గుర్తు. అలాంటప్పుడు ఉపన్యాసం పనిచేయదు, ప్రశ్న పనిచేస్తుంది: ‘అమ్మాయికి నోట్స్ ఇస్తే సింప్ అయితే, నీకు నోట్స్ ఇచ్చినవాణ్ని ఏమంటారు?’ జవాబు కోసం పట్టుబట్టకండి, ప్రశ్నను వాడి దగ్గర వదిలేయండి. దీని పక్కనే అబ్బాయిల రూపం గోల కూడా ఉంది. ‘లుక్స్‌మ్యాక్సింగ్’ అంటే అందం పెంచుకునే పనులు, ‘మాగ్’ చేయడమంటే రూపంలో ఎదుటివాణ్ని చిన్నబుచ్చడం, ‘మ్యూయింగ్’ అంటే దవడ గీత తేలాలని నాలుకను అంగిలికి అదిమి పట్టడం. టీచర్ ప్రశ్న అడిగితే పెదాల మీద వేలు పెట్టి, ఆ వేలితో దవడ వెంట గీత గీసి చూపించి నోరు విప్పని పిల్లలున్నారు, ‘మ్యూయింగ్ చేస్తున్నా, మాట్లాడలేను’ అని. దానివల్ల దవడ ఆకారం మారుతుందనడానికి సరైన ఆధారం లేదు. ఆటగా ఉన్నంతవరకు ఫర్వాలేదు. గంటలకొద్దీ అద్దం ముందు గడపడం, తిండి మానేయడం, ఎవరో చెప్పిన పొడులు, మాత్రలు తెప్పించడం మొదలైతే డాక్టర్‌ను కలవాలి.

గేము ఆడుతూ హెడ్‌సెట్‌లో ‘ఎంసీ’, ‘బీసీ’ అని అరుస్తుంటే అవి అమ్మను, అక్కచెల్లెళ్ళను తిట్టే హిందీ బూతులకు పొడి అక్షరాలు. చాలామంది పిల్లలకు పూర్తి అర్థం తెలియకుండానే నోటికి పట్టేస్తాయి. ఒక్కసారి, మామూలు గొంతుతో, ఆ మాట అర్థం తెలుగులో చెప్పేయండి. ఆ ఒక్కసారి చాలామందికి సరిపోతుంది.

ఇంట్లో ఒక్క నియమం పెట్టుకోండి. రంగు, లావు, పొట్టి, నత్తి, వైకల్యం, కులం, మతం, ఆడా మగా తేడా పట్టుకుని మనిషిని తక్కువ చేసే మాట ఏ భాషలోనూ వద్దు. ‘తేడాగాడు’, ‘పాయింట్ ఫైవ్’, ‘కోటా గాడు’, ‘ఆటిస్టిక్’ ఇవన్నీ ఇందులోకే వస్తాయి. కులం పేరుతో నలుగురిలో దళితులను, గిరిజనులను అవమానిస్తే 1989 నాటి అట్రాసిటీ చట్టం కింద నేరమని పదో తరగతి పిల్లాడికి తెలిసి ఉండటం మంచిది. ఈ నియమం పెద్దవాళ్ళకూ వర్తించాలి. ట్రాఫిక్‌లో అడ్డమొచ్చినవాణ్ని మీవారు ఏమంటారో, టీవీలో కనిపించినవాళ్ళ రంగు గురించి ఇంట్లో ఎవరేమంటారో పిల్లలు వింటూనే ఉన్నారు. ‘చండాలంగా ఉంది’ అని మనం రోజుకోసారి అనే మాటలో కూడా ఒక కులం పేరుంది. పిల్లాడికి నియమం చెప్పే ముందు మనం అది మానుకుంటే వాడికి ఎదురు చెప్పే సందు దొరకదు.

మీ అబ్బాయినే ఎవరైనా ఏడిపిస్తున్నారనిపిస్తే, అంటే గ్రూపులో రోజూ ‘రోస్ట్’ చేయడం (అందరి ముందూ వెక్కిరించడం), ఫొటోకు మీమ్ చేసి తిప్పడం జరుగుతుంటే, మెసేజ్‌లు చెరిపేయొద్దు. తేదీ, అకౌంట్ పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. ఆ రాత్రే అవతలి పిల్లాడి ఇంటి మీదకు వెళ్తే మర్నాడు క్లాసులో మీవాడికే కష్టం. ముందు క్లాస్ టీచర్‌ను కలవండి. ఫొటోలు అడ్డం పెట్టి డబ్బుకో ఇంకోదానికో బెదిరిస్తుంటే డబ్బు పంపొద్దు. సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి.

మూడో రకం, దాపరికం మాటలు. మీ ఆడపడుచు పంపిన లాంటి జాబితాల్లో రకరకాల మాటలు కలిసిపోయి ఉంటాయి. పీఓఎస్ అంటే ‘అమ్మానాన్న వెనకే ఉన్నారు’ అన్నది ఏళ్ళ కిందటి చాట్‌రూముల నాటిది, ఇప్పటి పిల్లల్లో చాలామందికి తెలియను కూడా తెలియదు. మంచు బొమ్మ, ఆకు బొమ్మ మత్తుమందులకు గుర్తుగా వాడేవాళ్ళున్న మాట నిజమే. అయితే శీతాకాలం పోస్టుకు మంచు బొమ్మ పెట్టిన పిల్లలు అంతకన్నా చాలా ఎక్కువ. పెద్దవాళ్ళకు తెలిసిపోయిన కోడ్ కోడ్‌గా పనికిరాదు, కాబట్టి ఏ జాబితా అయినా మీ చేతికి వచ్చేసరికే పాతది. మత్తు అలవాటును ఎమోజీల్లో కాకుండా మనిషిలో చూడాలి: డబ్బు మాయం కావడం, ఎర్రబడ్డ కళ్ళు, బట్టలకు కొత్త వాసన, ఒక్కసారిగా మారిపోయిన స్నేహాలు, ఎక్కడికి వెళ్ళాడో చెప్పలేకపోవడం. ఇవి కనిపిస్తే 14446, జాతీయ డీ అడిక్షన్ హెల్ప్‌లైన్. మీ ఉత్తరంలో అలాంటిదేమీ కనిపించలేదు. ఆ జాబితా తీసేసి హాయిగా పడుకోండి.

మీవారి కోపం సంగతి. ఆయనకు బాధ కలిగించింది మాట కాదు, మర్యాద తగ్గిందన్న భావన. ఆ బాధ న్యాయమైనదే. కానీ ‘ఇంట్లో ఈ భాష వద్దు’ అంటే వాడికి ఏది వద్దో తెలియదు, అన్నీ వద్దంటే ఏదీ మానడు. తెలుగు పిల్లలకు మనిషిని బట్టి మాట మార్చడం కొత్త కాదు. నానమ్మను ‘నువ్వు’ అనేవాడు సార్‌ను ‘మీరు’ అంటాడు, ఎవరూ పాఠం చెప్పలేదు. దాన్నే పొడిగించమనండి. ఆయనే, మీరు మధ్యలో లేకుండా, ఇలా చెప్పవచ్చు: ‘నీ ఫ్రెండ్స్‌తో నీ ఇష్టం. సరదాగా ఉన్నప్పుడు నన్ను బ్రో అన్నా పట్టించుకోను. నేను ఏదైనా అడిగినప్పుడు, మనం గొడవ పడుతున్నప్పుడు, తాతయ్యతో, మీ సార్లతో మాత్రం వద్దు.’ మొదటి రెండు మూడు వారాలు వాడు పదిసార్లు మర్చిపోతాడు. ప్రతిసారీ తిడితే అది ఆటై, ఆయన్ను ఉడికించడానికే అంటాడు. ‘మళ్ళీ చెప్పు’ అని నిదానంగా అంటే చాలు, చెప్పినదాన్ని సరిచేసుకుంటాడు. చెల్లెలి ముందు ఫోన్ లాక్కున్నది మాత్రం వాడికి ఇంకా గుచ్చుకుంటూ ఉంటుంది. ‘ఆ రోజు అలా లాక్కోవడం బాగోలేదు, చెప్పి తీసుకోవాల్సింది’ అని ఆయన ఒక మాట అంటే ఆయన మాటకు విలువ పెరుగుతుందే కానీ తగ్గదు. ఆ తర్వాత భోజనాల వేళ అరగంట ఫోన్లన్నీ హాల్లో ఒకచోట పెట్టే పద్ధతి మొదలుపెట్టండి. మీ అబ్బాయిది, మీది, మీవారిది కూడా.